ఎఫ్ఐఆర్ అందగానే సెక్షన్ చూడకండి

విశాఖ కోర్టుల్లో నా దగ్గర పని నేర్చుకునే జూనియర్లకు నేను ముందు చెప్పేదిదే. ఏం చేశాడు, ఏ ఉద్దేశంతో చేశాడు అన్నవి విడివిడిగా కాగితం మీద రాయండి.

పూర్ణా మార్కెట్ బయట ఒకాయన తనదే అనుకుని వేరేవాళ్ల స్కూటర్ తీసుకెళ్లాడనుకోండి. యజమాని అనుమతి లేదు, బండి కదిలింది. అయినా భారతీయ న్యాయ సంహిత 303 కింద దొంగతనం కాదు, కాజేసే బుద్ధి లేదు కాబట్టి. సాయంత్రం పొరపాటు తెలిశాక కూడా నంబర్ ప్లేటు మార్చి వాడుకుంటే సెక్షన్ 314, అంటే చేతికొచ్చిన పరాయి సొత్తును దుర్బుద్ధితో సొంతానికి వాడుకున్న నేరం, వర్తిస్తుంది. బుద్ధి ఏ గంటకు మారిందో పట్టుకోవడమే మన పని.

ఇదే పద్ధతిని, ఎవరైనా నేవల్ డాక్‌యార్డ్‌ను ఫోటో తీశాడన్న కేసుకు వాడండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం సెక్షన్ 3లో దేశ భద్రతకు, ప్రయోజనాలకు హాని చేసే ఉద్దేశం కీలకం. రక్షణ స్థావరాల విషయంలో శిక్ష 14 ఏళ్ల దాకా ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త: పరిస్థితులను, నిందితుడి ప్రవర్తనను బట్టి ఆ ఉద్దేశాన్ని కోర్టు ఊహించవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. అందుకే నిందితుడి తరఫు లాయరు చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఫోటో ఎవరికి వెళ్లింది? అడిగి తీయించారా? ఖాతాలో డబ్బు పడిందా? కుటుంబంతో షికారుకొచ్చి తీసినదైతే ఆ రోజు టికెట్లు, మిగతా ఫోటోలు, చాట్లు వెంటనే భద్రపరచండి. ఫోన్‌లో ఒక్కటి కూడా చెరిపేయనివ్వకండి. అమాయకుడు భయంతో చెరిపినా, ఆ ప్రవర్తనే అతనికి ఎదురు తిరగొచ్చు.