థర్మల్ స్ట్రెస్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా వైపు మే నెలలో 45 డిగ్రీలు మామూలే. ఆ ఎండకు రైలు పట్టా సాగబోతుంది, స్లీపర్లూ కంకరా సాగనివ్వవు. స్ట్రెస్ (లోహం లోపల అడ్డుకోత వైశాల్యం మీద పడే బలం) పుట్టేది ఆ అడ్డు వల్లే, వేడి ఒక్కదాని వల్ల కాదు. ఇంట్లో తెలుగు, క్లాసులో మరాఠీ, ఇంగ్లీషు వినే ఇక్కడి డిప్లొమా పిల్లలు ఫార్ములా గడగడా చెప్పేస్తారు: స్ట్రెస్ = మాడ్యులస్ (లోహం బిగువు) × వ్యాకోచ గుణకం (డిగ్రీకి సాగే వంతు) × ఉష్ణోగ్రత తేడా. అడ్డు ఎక్కడుందో చూడకపోవడం వల్లే లెక్క తప్పుతోంది.

సమస్య: జవాబు లక్షల్లో వస్తోంది, లేదా మరీ చిన్నదిగా ఉంది.
గిగాపాస్కల్‌ను మెగాపాస్కల్‌గా మార్చడంలో వెయ్యి పోయి ఉంటుంది. లేదా కెల్విన్‌లోకి మార్చబోయి ఉష్ణోగ్రత తేడాకు 273 కలిపి ఉంటారు. తేడాకు అది కలపకూడదు. రెండు చివరలూ బిగించిన స్టీలుకు డిగ్రీకి సుమారు 2.4 మెగాపాస్కల్ అని గుర్తుంచుకోండి. 30 డిగ్రీలు పెరిగితే 72. పొడవు ఎంతైనా అంతే.

సమస్య: గ్యాప్ ఉన్న లెక్కలో స్ట్రెస్ ఎక్కువొస్తోంది.
2 మీటర్ల స్టీలు కడ్డీ 50 డిగ్రీలు వేడెక్కితే 1.2 మి.మీ. సాగుతుంది. గ్యాప్ 0.5 మి.మీ. అయితే అడ్డు పడింది 0.7కే. స్ట్రెస్ 70 మెగాపాస్కల్, గ్యాప్ లేనప్పుడు వచ్చే 120 కాదు. సాగేది గ్యాప్‌కు మించకపోతే సున్నా.

సమస్య: రాగి గొట్టంలో స్టీలు బోల్టు. రెండింటిలోనూ కంప్రెషనే (నొక్కుడు) వస్తోంది.
అసలు చిక్కు ఇక్కడే. బయట గోడలేవీ లేవు, ఒకదానికొకటే అడ్డు. రాగి ఎక్కువ సాగబోతే స్టీలు ఆపుతుంది. కాబట్టి వేడిచేస్తే రాగిలో కంప్రెషన్, స్టీలులో టెన్షన్ (లాగుడు). రెండూ చివరల్లో ఒకదానికొకటి అతికించి ఉంటే, చల్లబరిస్తే తారుమారు.

ఫార్ములా ముట్టుకోకముందే మూడు గీతలు గీయండి: స్టీలు విడిగా ఉంటే ఎక్కడిదాకా సాగేది, రాగి ఎక్కడిదాకా సాగేది, కలిసి ఎక్కడ ఆగాయి. మూడోది మొదటి రెండింటి మధ్యే పడాలి. తర్వాత రెండే సమీకరణాలు. ఒకటి, రెండింటిలోని బలాలు సమానం (స్ట్రెస్‌లు కాదు!). రెండు (స్ట్రెయిన్ అంటే అసలు పొడవులో ఎంత వంతు మారిందో అది), స్ట్రెస్ వల్ల వచ్చిన స్ట్రెయిన్‌లు రెండూ కలిపితే విడిగా సాగే స్ట్రెయిన్‌ల తేడా రావాలి.

రాగి అడ్డుకోత వైశాల్యం స్టీలుకు రెట్టింపు, ఉష్ణోగ్రత పెరుగుదల 100 డిగ్రీలు అనుకుందాం. మాడ్యులస్‌లు స్టీలుకు 200, రాగికి 100 గిగాపాస్కల్. వ్యాకోచ గుణకాలు డిగ్రీకి మిలియన్‌కు స్టీలుకు 12, రాగికి 18. 100 డిగ్రీలకు విడిగా సాగే స్ట్రెయిన్‌ల తేడా 0.0006. స్టీలులో 60, రాగిలో 30 మెగాపాస్కల్ వస్తుంది. చెరో 0.0003 స్ట్రెయిన్, సరిపోయింది.

సమస్య: రెండు మందాల కడ్డీని గోడల మధ్య బిగిస్తే రెండు భాగాల్లోనూ ఒకే స్ట్రెస్ వేస్తున్నారు.
ఒకటిగా ఉండేది బలం. సన్నని భాగంలో స్ట్రెస్ ఎక్కువ.

చివరగా, మైల్డ్ స్టీలుకు జవాబు 250 మెగాపాస్కల్ దాటితే లోహం యీల్డ్ అయినట్టే (శాశ్వతంగా ఆకారం మారినట్టే). అక్కడ ఈ ఫార్ములా పనిచేయదు.