పిల్లి ఒంటి మీద పుండు, ఆగని నాకుడు: కారణం పట్టుకుని మాన్పడం

పిల్లి ఒకే చోట పదే పదే నాకుతోంది. అక్కడ వెంట్రుకలు పలచబడి చర్మం ఎర్రగా కనిపిస్తోంది. మందుల దుకాణానికి వెళ్లే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: గాయమైంది కనుక నాకుతోందా, నాకడం వల్లే గాయమైందా? మొదటిదైతే చాలాసార్లు ఇంట్లోనే వారం పది రోజుల్లో మానిపోతుంది. రెండోదైతే పైన ఎంత మందు రాసినా లాభం ఉండదు. నాకిస్తున్న కారణం దొరికేదాకా ఆ పుండు మళ్లీ మళ్లీ రేగుతూనే ఉంటుంది.

తిరుపతిలో పెంపుడు పిల్లులు చాలావరకు సగం ఇంట్లో, సగం వీధిలో బతుకుతాయి. పగలు మంచం కింద నిద్రపోతాయి, రాత్రి మిద్దెల మీద తిరుగుతూ పక్క వీధి గండుపిల్లితో తలపడతాయి. పోట్లాట గాయం సాధారణంగా తల, మెడ, ముందు కాళ్లు, తోక మొదలు దగ్గర ఉంటుంది. ఒకే చోట, ఒక్కసారిగా కనిపిస్తుంది. నాకుడు వల్ల వచ్చేది వేరు. పొట్ట మీద, తొడల లోపలి వైపు, తరచు రెండు పక్కలా ఒకేలా వెంట్రుకలు పోతాయి. వేలితో తడిమితే క్షౌరం చేసిన గడ్డంలా తెగిన మొనలు గరుకుగా తగులుతాయి. పిల్లి తన తలను, మెడను నాలుకతో అందుకోలేదు కనుక అక్కడ పుండ్లుంటే అవి పోట్లాటలోనైనా, వెనక కాలి గోళ్లతో గోక్కోవడం వల్లనైనా వచ్చి ఉండాలి.

నాక్కుంటే గాయం త్వరగా మానుతుందని పెద్దవాళ్లు చెబుతుంటారు. పిల్లి విషయంలో దీన్ని నమ్మి ఊరుకోవద్దు. దాని నాలుక మీద గొంతు వైపు వంగిన సన్నని ముళ్లుంటాయి. గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే అవీ తయారవుతాయి. కొత్తగా కట్టుకుంటున్న చర్మాన్ని ఆ ముళ్లు ప్రతి నాకుడుకూ చెక్కేస్తాయి. పైగా నోట్లోని పాస్చురెల్లా వంటి బాక్టీరియా గాయంలోకి చేరుతుంది.

చిన్న గీత, లేచిన చర్మం, కొద్దిగా రక్తం

గోరు గీత, గోడ మీద గాజు పెంకు గీసుకున్న చోటు, పైపైన లేచిన చర్మం: ఇంట్లో చూసుకోదగినవి ఇవే. పిల్లిని తువ్వాలులో మెడ దాకా చుట్టి, గాయమైన భాగం మాత్రం బయట ఉంచండి. ఒకరు పట్టుకుంటే మరొకరు శుభ్రం చేయడం మేలు. చేతికి తొడుగులు వేసుకోండి. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డను ఐదు నిమిషాలు గట్టిగా అదిమి ఉంచండి. ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూస్తే కట్టుకున్న రక్తం మళ్లీ ఊడుతుంది.

తర్వాత కడగాలి. ఈ పని బాగా చేస్తే సగం వైద్యం అయిపోయినట్టే. మందుల దుకాణంలో దొరికే 0.9 శాతం సెలైన్ సీసా అన్నిటికంటే మంచిది. లేకపోతే అర లీటరు నీటిని కాచి, పైకి సమంగా గీసిన ఒక టీ చెంచా ఉప్పు వేసి, గోరువెచ్చగా చల్లారనివ్వండి. సూది లేని సిరంజితో గాయం మీద నెమ్మదిగా ధార పోస్తూ మట్టి, వెంట్రుకలు కొట్టుకుపోయేదాకా కడగండి. దూదితో రుద్దితే పోగులు అంటుకుంటాయి, గాజుగుడ్డతో అద్దండి. చుట్టూ వెంట్రుకలు అడ్డం వస్తుంటే కత్తెర వాడకండి. పిల్లి చర్మం పలచన, వదులు. వెంట్రుకలతో పాటు చర్మం కూడా తెగుతుంది.

కడిగాక క్రిమినాశిని కావాలంటే పోవిడోన్ అయోడిన్ ద్రావణం వాడవచ్చు. బెటాడిన్ పేరుతో దొరికేది ఇదే. నురుగు వచ్చే స్క్రబ్ రకం తీసుకోవద్దు. ఒక వంతు ద్రావణానికి పది వంతుల నీళ్లు కలిపి పలుచని టీ రంగు వచ్చేలా చేసి అద్దండి. ఆరిన తర్వాత మరోసారి సెలైన్‌తో తుడవండి. రోజుకు రెండుసార్లు చేస్తే చాలు. పక్కు కడితే పీకవద్దు. కట్టు కూడా కట్టవద్దు. బిగిస్తే రక్తప్రసరణ ఆగుతుంది, వదులైతే లోపల చెమ్మ చేరి కుళ్లుతుంది.

పిల్లి చర్మానికి రాసినదల్లా గంటలోపే దాని కడుపులోకి పోతుంది. ఏ మందు చేతిలోకి తీసుకున్నా ముందు దీన్నే తలచుకోండి. మనుషుల కాలేయం విరిచేయగల కొన్ని రసాయనాలను పిల్లి కాలేయం విరవలేదు, ముఖ్యంగా ఫీనాల్ జాతివి. అందుకే డెట్టాల్, ఫినాయిలు దగ్గరికి రానివ్వకండి. సావ్లాన్‌లోని సెట్రిమైడ్ నాలుకను, నోటిని పుండు చేయగలదు. కర్పూరం, టర్పెంటైన్, నీలగిరి తైలం కలిపి పశువుల పుండ్లకు అమ్మే స్ప్రేలు ఆవుకు పనికొస్తాయేమో గానీ పిల్లికి విషం. వేపనూనె కూడా వద్దు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కొత్త కణాలను కాల్చేస్తాయి. పసుపు ముద్ద వీటంత ప్రమాదం కాదు. కానీ గాయాన్ని కప్పేసి లోపలి చీమును కనబడనివ్వదు, కొత్త రుచి తగిలిన పిల్లి మరింత నాకుతుంది. తామరకూ దురదకూ ఒకటేనని దుకాణంలో చేతికిచ్చే గొట్టాల్లో బెటామెథసోన్, క్లోబెటసోల్ వంటి స్టీరాయిడ్లు ఉంటాయి. అవి గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి, తామరను ముదరబెడతాయి.

నొప్పికి పారాసిటమాల్ అసలే ఇవ్వవద్దు. ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి చేరి, చిగుళ్లు గోధుమ రంగులోకి తిరుగుతాయి, ముఖం వాస్తుంది. ఎవరైనా ఇప్పటికే ఇచ్చి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

కడిగినా నాకుడు ఆగకపోతే

మెడకు పెట్టే గరాటు ఆకారపు కాలర్ ఒక్కటే నమ్మదగిన మార్గం. పిల్లికి అది శిక్ష అనుకుని చాలామంది సాయంత్రానికే తీసేస్తారు. రాత్రి నిద్రలేచి పది నిమిషాలు నాక్కుంటే వారం రోజుల మానుదల పోతుంది. కాలర్ అంచు ముక్కు కొన కంటే కొద్దిగా ముందుకు రావాలి. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. దొరకకపోతే పాత ఎక్స్‌రే ఫిల్మును గరాటులా చుట్టి, మెడకు తగిలే అంచుకు మెత్తని గుడ్డ కుట్టండి. మొదటి రోజు పిల్లి వెనక్కి నడుస్తుంది, తలుపులకు కొట్టుకుంటుంది. చాలా పిల్లులు ఒకటి రెండు రోజుల్లో అలవాటు పడతాయి. వెడల్పాటి పళ్లెంలో తిండి పెట్టండి. మల విసర్జన ట్రేలో కొన్నాళ్లు ఇసుకకు బదులు చింపిన కాగితాలు వేస్తే పుండుకు ఇసుక అంటదు. కాలర్ ఉన్నన్నాళ్లూ బయటికి వదలకండి. పక్కనుంచి వచ్చే కుక్క దానికి కనబడదు. పక్కు దానంతట అది రాలేదాకా, ఆపరేషన్ కుట్లయితే 10 నుంచి 14 రోజుల దాకా కాలర్ ఉండాల్సిందే. నాకకుండా కారమో నిమ్మరసమో రాయమనే సలహా దయచేసి పాటించకండి, పచ్చి గాయం మీద అది హింస.

పోట్లాట తర్వాత రెండు మూడు రోజులకు గడ్డ

కారణం దాదాపు ఎప్పుడూ కోర గాటు. పిల్లి కోర సూదిలాంటిది. పైన చిన్న చుక్క పడుతుంది, అది ఒక రోజులో మూసుకుపోతుంది, లోపల దిగిన బాక్టీరియా చీము పట్టిస్తుంది. రెండు నుంచి ఐదు రోజుల్లో వేడిగా, మెత్తగా గడ్డ పైకి తేలుతుంది. పిల్లి తిండి మానేసి మూలన దాక్కుంటుంది. దాని మామూలు ఉష్ణోగ్రత 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్. కనుక ముట్టుకుంటే వెచ్చగా ఉందన్నంత మాత్రాన జ్వరం అనుకోలేం, థర్మామీటరుతోనే చూడాలి.

దీన్ని ఇంట్లో పిండకండి, సూదితో పొడవకండి. చీము లోపలికి పాకుతుంది. పశువైద్యుడు కోసి కడిగి యాంటీబయాటిక్ ఇవ్వాలి. గడ్డ దానంతటదే పగిలితే గోరువెచ్చని సెలైన్‌తో కడిగి తీసుకెళ్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానలుండే రోజుల్లో ఈగలు ముసిరి గాయంలో పురుగు పడడం కూడా చూస్తుంటాం. దుర్వాసన వచ్చినా, లోపల కదలిక కనిపించినా కిరోసిన్ పోయకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నోరు తెరుచుకున్న గాయం, కుక్క కాటు, కంటికి దగ్గరి దెబ్బ, కుంటడం, పది నిమిషాలు అదిమినా ఆగని రక్తం కూడా ఇంట్లో చూసుకునేవి కావు. తిరుపతిలో 1955లో మొదలైన పశువైద్య కళాశాల, ఇప్పటి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడి ఆసుపత్రిలో పెంపుడు జంతువులకు కూడా చికిత్స చేస్తారు.

గాయం లేదు, పొట్ట మాత్రం బోడి అవుతోంది

చాలామంది తేలిగ్గా ‘టెన్షన్’ అనేసే చోటు ఇది. 2006లో అమెరికన్ పశువైద్య సంఘం పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మానసిక కారణంతోనే వెంట్రుకలు పీక్కుంటున్నాయని అనుమానించిన 21 పిల్లులను పూర్తిగా పరీక్షిస్తే, 16 పిల్లులకు శరీర సంబంధమైన కారణమే దొరికింది. కేవలం మానసికమని తేలినవి రెండే. కాబట్టి ఒత్తిడిని చివరికి ఉంచి, ఈ వరుసలో చూడండి.

మొదట ఫ్లీలు, అంటే వెంట్రుకల్లో గెంతే చిన్న గోధుమ రంగు పురుగులు. ఒంటి మీద కనబడలేదని లేవనుకోకండి, నాకే పిల్లి వాటిని మింగేస్తుంది. సన్నపళ్ల దువ్వెనతో తోక మొదలు దగ్గర దువ్వి, రాలిన నల్లని నలుసులను తడి తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రగా కరిగితే అది పురుగు విసర్జించిన రక్తం. అలర్జీ ఉన్న పిల్లికి ఒకటి రెండు కాట్లే చాలు. తిరుపతిలో చలికాలం కూడా వెచ్చనే కనుక ఏడాదంతా వీటి బెడద ఉంటుంది.

పిల్లికని రాసి ఉన్న ఫిప్రోనిల్ లేదా సెలమెక్టిన్ చుక్కల మందును బరువుకు తగ్గట్టు, నాలుక అందని మెడ వెనక, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద వేయాలి. ఇంట్లోని కుక్కకూ పిల్లులన్నిటికీ ఒకేసారి, నెలకోసారి, కనీసం మూడు నెలలు. గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్లు పరుపుల్లో, మంచం కింద దుమ్ములో ఉంటాయి. పక్క గుడ్డలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేసి, మూలలన్నీ ఊడ్వకపోతే మందు వృథా. కుక్కల మందు మాత్రం పిల్లికి వేయకండి. అందులో పెర్మెత్రిన్ ఉంటే వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు.

ఫ్లీల పని పట్టినా నాకుడు తగ్గకపోతే తిండి వైపు చూడాలి. ఆహార అలర్జీని తేల్చడానికి పశువైద్యుడు చెప్పిన ఒకే రకం ఆహారాన్ని, మధ్యలో ఒక్క ముక్క కూడా వేరేది పెట్టకుండా, కనీసం ఎనిమిది వారాలు పెట్టాలి. ఇది వేరు, పోషణ లోపం వేరు. మాంసం వండని ఇళ్లలో పిల్లికి పెరుగన్నం, పాలన్నంతో సరిపెడతారు. ప్రేమతో పెట్టేదే అయినా అది పిల్లి శరీరానికి చాలదు. టారిన్, విటమిన్ ఏ వంటివి దానికి మాంసాహారం నుంచే అందాలి. అవి లేకపోతే బొచ్చు పేలవమవుతుంది, గాయాలు ఆలస్యంగా మానతాయి. వండలేని ఇంట్లో దుకాణంలో దొరికే పిల్లుల ఆహారం కొనడమే న్యాయం.

నొప్పి కూడా నాకిస్తుంది. మూత్రాశయం మండుతుంటే పైనున్న పొట్టను, కీళ్లు నొప్పి పెడితే ఆ కీలును నాకుతుంది. మగపిల్లి మూత్ర ద్వారాన్ని పదే పదే నాకుతూ, ట్రేలో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా పోయకపోతే అది అత్యవసరం. మూత్ర మార్గం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇవేవీ కాకపోతే అప్పుడు ఒత్తిడి గురించి ఆలోచించండి. కొత్త ఇల్లు, కొత్త పిల్లి, దీపావళి మోతలు. దాక్కోవడానికి ఎత్తైన చోటు, పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ట్రేలు, రోజూ కాసేపు ఆట సాయపడతాయి. నాకుతుంటే అరవకండి, భయం ఇంకా నాకిస్తుంది.

మిగతావి

గుండ్రంగా వెంట్రుకలు రాలి పొట్టు లేస్తుంటే తామర కావచ్చు. ఇంట్లోని పిల్లలకు త్వరగా అంటుతుంది. చెవి అంచులు, ముఖం మీద మందపాటి బూడిద రంగు పొరలు, విపరీతమైన దురద ఉంటే గజ్జి. చెవి లోపల నల్లని పొడి ఉంటే చెవి పురుగులు. మూడింటికీ పరీక్ష చేయించి మందు వాడాలి, ఇంటి వైద్యం లేదు. వేసవి మధ్యాహ్నం మిద్దె మీద నడిచి పాదాలు కాలితే చల్లని నీళ్లతో పది నిమిషాలు తడపండి, ఐసు పెట్టవద్దు. తెల్లని పిల్లి చెవి కొన మీద, ముక్కు మీద రెండు మూడు వారాలైనా మానని పుండుంటే ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ అయ్యే అవకాశం ఉంది. మందు మారుస్తూ కాలం గడపకుండా చూపించండి.

మీకు కాటు పడితే

గాయాన్ని కడిగేటప్పుడు ఎంత మచ్చికైన పిల్లయినా కరవచ్చు. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. రేబిస్ పిల్లుల ద్వారా కూడా వస్తుంది, వీధి కుక్కతోనో తెలియని పిల్లితోనో పోట్లాడి వచ్చినది మరింత అనుమానించాల్సినది. ఇంటి పిల్లే కదా అని ఊరుకోకుండా అదే రోజు రుయా వంటి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా గురించి అడగండి. పిల్లికి వేయించిన టీకా కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి. కోర గాటు లోతుగా దిగుతుంది కనుక ఒక్క రోజులోనే చేయి వాచి, ఎర్రబడి, సలపవచ్చు. అప్పుడు రేబిస్ టీకాతో పాటు యాంటీబయాటిక్ కూడా కావాలి.