అరిజోనాలో ప్రయాణమా? ముందు అడుగులు లెక్కపెట్టండి

మేం అమెరికాలో ఈ అరిజోనా రాష్ట్రానికి వచ్చిన మొదటి ఏడాది ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే, హాఫ్ చేతుల చొక్కాలు వేసుకుని, పులిహోర డబ్బా కారులో పెట్టుకుని ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్ లోయకి బయల్దేరాం. ఎడారి రాష్ట్రం కదా, స్వెట్టర్లెందుకు అనుకున్నాం. ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకి రెండు పక్కలా మంచు గుట్టలు. కారులో ఉన్న ఒకే ఒక్క దుప్పటి నలుగురం కప్పుకుని లోయ చూసింది పది నిమిషాలు, వేడి కాఫీ కోసం క్యూలో నిలబడింది అరగంట.

కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఈ రాష్ట్రంలో ఎక్కడికి వెళ్లాలన్నా ఎన్ని మైళ్లు అని తర్వాత చూడండి, సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో ముందు చూడండి. ఫోన్‌లో ఊరి పేరు పక్కన ఎలివేషన్ అని కొడితే వచ్చేస్తుంది. యూమా సుమారు 140 అడుగులు, ఫీనిక్స్ 1,100, టూసాన్ 2,400, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000. ప్రతి వెయ్యి అడుగులకీ 3 నుంచి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ పోండి (ఇక్కడ రాసే డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే, ఎలాగూ దానికే అలవాటు పడాలి). జులైలో ఫీనిక్స్‌లో మధ్యాహ్నం 106 ఉంటే రెండు గంటల డ్రైవ్‌లో ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో 82 దగ్గర ఉంటుంది. రాష్ట్రం రికార్డులు చూసినా ఇదే కథ: 1994 జూన్‌లో లేక్ హవాసు సిటీలో 128, 1971 జనవరిలో తూర్పు కొండల్లో ఉన్న హాలీ లేక్ దగ్గర మైనస్ 40.

మ్యాప్ గుర్తుపెట్టుకోవడం కూడా కష్టం కాదు. రాష్ట్రం మీద వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక అడ్డగీత గీయండి. గీతకి పైన కొలరాడో పీఠభూమి: గ్రాండ్ కాన్యన్, ఫ్లాగ్‌స్టాఫ్, నవాహో ఆదివాసుల ప్రాంతమైన నవాహో నేషన్. కింద సొనోరన్ ఎడారి: ఫీనిక్స్, టూసాన్, యూమా. మధ్యలో కొండల పట్టీ. పీఠభూమి అంచు చాలాచోట్ల గోడలా నిలబడి ఉంటుంది, దాన్నే మొగొల్లన్ రిమ్ అంటారు. రాసేది అలాగే గానీ స్థానికులు పలికేది మాత్రం "మగీయోన్" అని, తెలియక రాసినట్టే చదివితే కొత్తవాళ్లని ఇట్టే పట్టేస్తారు. ఆ గోడ ఎక్కితే దేవదారుకి చుట్టమైన పైన్ చెట్ల అడవి, దిగితే చేతులు చాచిన సాగ్వారో జెముడు. ఆ జెముడు మొదటి చెయ్యి వేయడానికే సాధారణంగా 50 ఏళ్లు దాటుతుంది, అనుమతి లేకుండా దాన్ని కొట్టడం నేరం కూడా.

గ్రాండ్ కాన్యన్ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. కొండ ఎక్కి అలిసిపోతే వెనక్కి దిగొచ్చు. ఇక్కడ ముందు దిగుతారు, ఒంట్లో ఓపికంతా అయిపోయాక ఎక్కాలి. సౌత్ రిమ్, అంటే లోయ దక్షిణపు అంచు, 7,000 అడుగులు, అడుగున నది దగ్గర 2,500 అడుగులకి కాస్త తక్కువ, అంటే పైన హాయిగా 80 ఉన్న రోజు కింద 100 దాటుతుంది. ఒక్క రోజులో నది దాకా వెళ్లి తిరిగి రావద్దని రేంజర్లు బోర్డులు పెట్టి మరీ చెప్తున్నా ప్రతి వేసవిలో ఎవరో ఒకరిని మోసుకు రావాల్సి వస్తుంది. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు వేసుకోండి. వేసవిలో పది నుంచి నాలుగు దాకా లోపల నడవకండి. నార్త్ రిమ్ ఇంకో వెయ్యి అడుగులు ఎత్తు, మంచు వల్ల చలికాలం ఆ రోడ్డే మూసేస్తారు.

ఇంత పొడిగా ఎందుకంటే, పసిఫిక్ నుంచి వచ్చే మబ్బులు తమ నీళ్లలో చాలా భాగం కాలిఫోర్నియా కొండల మీదే పోసేసుకుని వస్తాయి, దానికి తోడు ఈ అక్షాంశాల్లో గాలి పైనుంచి కిందికి దిగుతూ మబ్బు పట్టనివ్వదు. ఫీనిక్స్‌లో ఏడాదికి పడేది ఏడెనిమిది అంగుళాలు. మనం కరువు సీమ అనే అనంతపురంలో పడే వానలో ఇది సుమారు మూడో వంతు! అదీ రెండు విడతల్లో: చలికాలం తుంపర్లు, జులై నుంచి ఉరుములతో మాన్‌సూన్. అవును, ఇక్కడ కూడా మాన్‌సూన్ అనే అంటారు. లెక్క ప్రకారం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30, గాలి మళ్లి మెక్సికో వైపు నుంచి తేమ వస్తుంది. జూన్ నెలంతా రోహిణి కార్తె అనుకోండి, కానీ చెమట కనపడదు, పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పాత ఇళ్లలో మన ఊరి కూలర్లలాంటివే ఉంటాయి, జూన్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తాయి, మాన్‌సూన్ ఉక్క మొదలవగానే దండగ. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు ఏసీయా కూలరా అని అడగండి, సిగ్గుపడకండి.

మాన్‌సూన్‌లో డ్రైవింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను. హబూబ్ అని దుమ్ము గోడ వస్తుంది. 2011 జులై 5న ఫీనిక్స్ మీదికి వచ్చినది దాదాపు మైలు ఎత్తు. ముందు కనబడగానే ఎగ్జిట్ తీసుకోండి, కుదరకపోతే రోడ్డు దిగి వీలైనంత దూరంగా ఆపి, లైట్లన్నీ ఆర్పి, హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ పెడల్ మీద నుంచి కాలు తీసేయండి. లైట్లెందుకు ఆర్పాలంటే, వెనకొచ్చేవాడు మీ ఎర్ర లైటు చూసి అదే రోడ్డనుకుని నేరుగా మీ మీదికే వస్తాడు. ఇక వాగులు. ఏడాదంతా ఇసుక తప్ప ఏమీ లేని వాగు, ఎక్కడో కొండ మీద కురిసిన వానకి నిమిషాల్లో నిండుతుంది, మీ నెత్తిన చినుకు కూడా పడి ఉండదు. బారికేడ్ తప్పించుకుని వాగులోకి కారు దింపి ఇరుక్కుంటే కాపాడిన ఖర్చు మీ దగ్గరే వసూలు చేయడానికి ఇక్కడ చట్టం ఉంది, జనం దాన్ని ముద్దుగా "స్టుపిడ్ మోటరిస్ట్ లా" అంటారు. ఇంకోటి, ఇక్కడి మట్టిలో ఉండే ఒక ఫంగస్ దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వ్యాలీ ఫీవర్ తెప్పిస్తుంది. దగ్గు, నీరసం వారాల తరబడి వదలకపోతే డాక్టర్‌ని ఆ పరీక్ష గురించి అడగండి.

ఫీనిక్స్‌లో 2023లో వరుసగా 31 రోజులు 110 గానీ ఆపైన గానీ నమోదైంది. అలాంటి రోజుల్లో తారు రోడ్డు మీద కాలు పెడితే బొబ్బలే, గుడికెళ్లినప్పుడు చెప్పులు కారులో వదిలేసే అలవాటు మానుకోండి, గుమ్మం దాకా వేసుకునే వెళ్లండి. కారు బ్యాటరీ రెండుమూడేళ్లకే చస్తుంది, సమ్మర్‌కి ముందే చెక్ చేయించుకోండి. చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడి నీళ్లే వస్తాయి, అది ప్లంబర్ తప్పేం కాదు.

నీళ్లంటే గుర్తొచ్చింది, ఇక్కడ నీటికి కూడా అడుగుల లెక్కే. సెంట్రల్ అరిజోనా ప్రాజెక్ట్ అచ్చంగా మన ఎత్తిపోతల పథకం. కొలరాడో నది నీళ్లని లేక్ హవాసు దగ్గర తోడి, 336 మైళ్ల కాలువలో, దాదాపు 2,900 అడుగులు పైకెత్తి టూసాన్ దాకా తెస్తారు.

అమ్మానాన్నలని ఇండియా నుంచి పిలిపించాలంటే ఫిబ్రవరి, మార్చి నెలలు చూసుకోండి. పిల్లల సెలవులని జూన్‌కే టికెట్లు తీసేసి ఉంటే, ఒక రోజు టూసాన్ పక్కన మౌంట్ లెమ్మన్ ఎక్కించండి. జెముడు దగ్గర మొదలైన రోడ్డు గంటలో 9,000 అడుగుల దగ్గర పైన్ చెట్ల నీడలో తేలుతుంది. పెట్టెలో స్వెట్టర్ పెట్టుకోమని ముందే ఫోన్‌లో చెప్పండి. నవ్వుతారు, మా నాన్న కూడా నవ్వాడు.