శుక్లం ఆపరేషన్ అయ్యేదాకా రెండుగా కనిపిస్తుంటే

మా నాన్నకి కుడికంట్లో శుక్లం, ఆపరేషన్‌కి ఇంకా మూడు వారాలుంది, మొన్న రాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో వస్తుంటే "చందమామలు రెండున్నాయేంట్రా" అన్నాడు. నవ్వాం గానీ ఇంటికొచ్చాక భయమేసింది.

ముందు ఒక పరీక్ష చేయండి. వీధి లైటు చూస్తూ ఒక కన్ను మూయండి, తర్వాత రెండోది. శుక్లం ఉన్న కన్ను ఒక్కదానితో చూసినా రెండు కనిపిస్తే చాలావరకు అది శుక్లం వల్లే, లెన్సు ఒకచోట మసకగా ఒకచోట తేటగా ఉండి వెలుతురు చెదిరిపోతుంది, ఒక బొమ్మ గట్టిగా, పక్కనే ఇంకోటి నీడలాగా. అదే ఏ కన్ను మూసినా ఒకటే కనబడి, రెండూ తెరిస్తేనే రెండైతే అది శుక్లం పని కాదు, కళ్లు రెండూ కలిసి తిరగట్లేదు, షుగర్ వల్ల నరం దెబ్బతిన్నా అలా అవుద్ది, ఆపరేషన్ డేట్ దాకా ఆగకుండా వెంటనే చూపించండి. ఉన్నట్టుండి మొదలై మాట తడబడినా, రెప్ప వాలినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, తల పగిలిపోయేంత నొప్పొచ్చినా 108కి ఫోన్ చేయండి.

శుక్లమే అని తేలితే, మాకు పనికొచ్చింది టేపు. కాగితాలకి అంటించే మసక టేపు కళ్లజోడులో ఆ కంటి అద్దానికి లోపలివైపు అంటించాం, రెండో బొమ్మ పోయింది. నల్లగుడ్డ కడితే బీసెంట్ రోడ్డులో ప్రతివాడూ ఏమైందని అడుగుతాడు, దీనికా గొడవ లేదు. కాకపోతే ఒంటికన్నుతో లోతు తెలీదు, మొదటిరోజే కాఫీ గ్లాసు పక్కన పోశాడు, ఇప్పుడు గిన్నె అంచుని గ్లాసుకి ఆనించి పోస్తున్నాడు. మెట్ల అంచులకి పసుపు టేపు వేశాం. బండి తాళాలు దాచేశాం, దీనికి మాత్రం రోజూ యుద్ధమే.

ఎండలో అంచున్న టోపీ పెట్టండి, పేపర్ చదివేటప్పుడు లైటు భుజం వెనక నుంచి పడాలి. శుక్లాన్ని కరిగించే చుక్కలని ఎవరన్నా అమ్మితే కొనకండి, అలాంటివేం లేవు. ఖరీదైన కొత్త అద్దాలు కూడా ఇప్పుడెందుకు, ఆపరేషన్ అయ్యాక పవర్ ఎలాగూ మారుద్ది.

ఇంకోటి, ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడుతుంటే, ఎప్పుడో వాడి మానేసినా సరే, కంటి డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఆపరేషన్లో కంటిపాప సరిగ్గా విచ్చుకోదు. మేం చివర్లో చెప్పాం, కొంచెం తిట్లు పడ్డాయి.