ఎస్టిమేట్ వేయడం నేర్చుకుందాం – 4: గడ్డు అంకె ఎక్కడ దొరుకుతుంది?

ఒక సాఫ్ట్‌వేర్ పనికి ఎన్ని రోజులు పడుతుందో ముందే చెప్పడానికి, పోయిన పాఠంలో ఆ పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు మూడు అంకెలు రాశాం: అంతా కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కూడి, ఆరుతో భాగించాలి. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం తయారు చేసుకున్న పెర్ట్ పద్ధతిలోని లెక్క ఇది.

లెక్క సులువే. చిక్కల్లా మూడో అంకెతోనే, అంటే గడ్డు అంకెతో.

1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎప్పటికి పూర్తి చేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. ఏదీ కలిసిరాకపోతే? 49 రోజులన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైనే. వాళ్లు ఊహించుకున్న గడ్డుకాలం కూడా అసలు జరిగినదానికన్నా నయంగానే ఉందన్నమాట. కష్టాన్ని ఊహించమంటే మనకు తెలిసిన కష్టాలే గుర్తొస్తాయి మరి.

మన పనిలో చూద్దాం. యాప్‌లో ఓటీపీ లాగిన్ పెట్టాలి. స్క్రీన్, సర్వర్ కోడ్, రీసెండ్ బటన్, టెస్టింగ్ అన్నీ కలిపి మంచి అంకె 3, మామూలు అంకె 5. గడ్డు అంకె? చాలామంది 7 వేస్తారు. లెక్క కడితే 5 వస్తుంది. ఇందులో ఉన్నది కోడ్ కష్టం ఒక్కటే.

మన దేశంలో ఓటీపీ ఎస్సెమ్మెస్ వెళ్లాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం కంపెనీ పేరు, హెడర్ (పంపినవారిగా కనిపించే పొట్టి పేరు), మెసేజ్ టెంప్లేట్ (మెసేజ్ నమూనా) డీఎల్‌టీ పోర్టల్‌లో, అంటే టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో, రిజిస్టర్ అయి ఉండాలి. టెంప్లేట్‌కు అప్రూవల్ రావాలి. పంపే మెసేజ్ దానితో సరిపోలకపోతే ఆగిపోతుంది. ఈలోగా ఎవరో ఓటీపీ దానంతటదే ఫిల్ అయితే బాగుంటుందంటారు. ఆండ్రాయిడ్‌లో అందుకు ఎస్సెమ్మెస్ రిట్రీవర్ అనే గూగుల్ సదుపాయం వాడితే, మెసేజ్‌లో 11 అక్షరాల హాష్ (మెసేజ్ ఏ యాప్‌కో గుర్తుపట్టే కోడ్) ఉండాలి. అంటే టెంప్లేట్ మారింది, మళ్లీ అప్రూవల్. ఆ హాష్ యాప్ సైనింగ్ కీని (యాప్‌కు వేసే డిజిటల్ సంతకాన్ని) బట్టి వస్తుంది కాబట్టి, డెవలపర్ ఫోన్‌లో చక్కగా పనిచేసింది, ప్లేస్టోర్‌లో పెట్టిన యాప్‌కు కీ వేరైతే పనిచేయకపోవచ్చు. ఇవేవీ రాయాల్సిన కోడ్ కాదు, ఎదురుచూడాల్సిన రోజులు. పైగా డీఎల్‌టీ లాగిన్ చాలా కంపెనీల్లో ఇంజినీర్ల చేతిలో ఉండదు.

అందుకే గడ్డు అంకెను ఊహించకండి, పాత రికార్డులోంచి తీయండి. కానమన్, ట్వెర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పిన దారి ఇది: చేతిలో ఉన్న పనినే చూడకుండా, అలాంటి పాత పనులు ఎలా నడిచాయో చూడమన్నారు. టీమ్ పనులు నమోదు చేసుకునే జీరా సాఫ్ట్‌వేర్ తెరిచి, బయటివాళ్ల అప్రూవల్‌తో ముడిపడిన పాత టికెట్లు (అందులో నమోదైన పనులు) పది తీయండి. పేమెంట్ గేట్‌వే, వాట్సాప్ మెసేజీలు, ఏవైనా సరే. పని గంటలు వద్దు. మొదలుపెట్టిన తేదీ నుంచి యూజర్ల చేతికి వెళ్లిన తేదీ దాకా పని దినాలు లెక్కపెట్టండి. ఎక్కువ రోజులు పట్టినది పైన ఉండేలా పదింటినీ వరసలో పెట్టి, పై నుంచి రెండోది తీసుకోండి. అదే మీ గడ్డు అంకె.

ఇక్కడ ఒక ఆశ పుడుతుంది: ‘ఆ టికెట్ వేరు, అప్పుడు క్లయింట్ లీవ్‌లో ఉన్నాడు, తీసేద్దాం’ అని. తీయకండి. ఈసారి లీవ్ పెట్టేది ఇంకొకరు.

ఉదాహరణకు రెండోది 13 అనుకుందాం. 3కు 20, 13 కలిపితే 36, ఆరుతో భాగిస్తే 6. పెరిగింది ఒక్క రోజేగా అనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ 6 కన్నా ఆ 13 విలువైనది. మేనేజర్‌కు 6 ఒక్కటే చెప్పకండి. ‘6 రోజులు అనుకుంటున్నాను. టెంప్లేట్ ఆగితే 13 దాకా పోతుంది. డీఎల్‌టీ లాగిన్ ఎవరి దగ్గరుందో ఇవాళే చెబితే ఈరోజే అప్లై చేస్తాను’ అనండి. అప్పుడు తేదీ మీద బేరం మాని, అప్రూవల్ పని మొదలుపెడతారు.

అభ్యాసం: మీ టీమ్‌లో పూర్తయిన పది టికెట్లకు ముందు చెప్పిన రోజులు, నిజంగా పట్టిన రోజులు పక్కపక్కనే రాయండి. ప్రతి తేడా పక్కన ఎవరి కోసం ఆగారో ఒక్క ముక్కలో రాయండి. ఐదో పాఠంలో ముక్కల అంకెలను కలిపి మొత్తం ప్రాజెక్టుకు తేదీ కట్టేటప్పుడు ఈ కాగితం కావాలి.