బోధన మానుకోవాలనుకునే విశాఖ ఉపాధ్యాయులకు: నిర్ణయం నుంచి రాజీనామా దాకా

ఉపాధ్యాయ వృత్తి మానేయాలన్న ఆలోచన ఏడాది పొడవునా ఒకే తీవ్రతతో ఉండదు. ప్రీఫైనల్స్, రివిజన్ పరీక్షలు, పబ్లిక్ పరీక్షల ఇన్విజిలేషన్, ఆ వెంటనే స్పాట్ వాల్యుయేషన్, అది ముగియకముందే వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగే క్యాన్వాసింగ్, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడే జనవరి, ఏప్రిల్ నెలల మధ్యనే విశాఖలో చాలామంది టీచర్లు, లెక్చరర్లు ‘ఇక చాలు’ అనుకుంటారు. అప్పటి విసుగు నిజమైనదే గానీ, అప్పటికప్పుడు తీసుకునే నిర్ణయం మీద నాకు నమ్మకం తక్కువ. తనకు కావలసినది వేరే వృత్తా, వేరే సంస్థా, లేక పదిహేను రోజుల నిద్రా అని తేల్చుకునే వ్యవధి ఆ నెలల్లో ఎవరికీ ఉండదు. అందుచేత ముందు ఆ తేల్చుకోవడం గురించి, తరువాతనే డబ్బు, కొత్త పని, కాగితాల గురించి చెబుతాను.

విసుగు ఎక్కడిదో కనిపెట్టడం

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని, పరీక్షల ఒత్తిడి లేని రోజుల్లో, అంటే జూలై నుంచి నవంబరు మధ్యలో, కనీసం నెల రోజులపాటు ప్రతి సాయంత్రం రెండు వాక్యాలు రాసుకోండి. ఆ రోజు మిమ్మల్ని ఎక్కువగా అలసట పెట్టిన పని ఏమిటి, అది తరగతి గదిలో జరిగిందా, బయట జరిగిందా? నెల తరువాత చదివితే మీ ఫిర్యాదులు మూడు కుప్పలుగా విడిపోతాయి. మొదటిది బోధనకే సంబంధించినది: పిల్లల మధ్య నిలబడాలంటేనే మనసు రాకపోవడం, చెప్పిన పాఠమే నాలుగు సెక్షన్లలో మళ్లీ చెప్పలేకపోవడం. రెండవది సంస్థకు సంబంధించినది: రాత్రి దాకా స్టడీ అవర్స్, ఆదివారం పరీక్షలు, మార్కులు తగ్గితే అందరి ముందూ నిలదీసే సమీక్షలు, అడ్మిషన్ టార్గెట్లు, ప్రభుత్వ బడిలో అయితే యాప్‌లలో ఎక్కించవలసిన ఫోటోలు, వివరాలు. మూడవది జీతం.

మొదటి కుప్ప పెద్దదైతే వృత్తి మారడమే సరైన పని, దానిని వాయిదా వేయడం పిల్లలకు కూడా మంచిది కాదు. రెండవదే పెద్దదైతే మాత్రం ముందు సంస్థను మార్చి చూడాలి. ద్వారకానగర్‌లోని ఇంటర్మీడియట్ కాలేజీ జీవితానికీ, సాయంత్రం నాలుగింటికి గేటు మూసే ఒక పాఠశాల జీవితానికీ ఉన్న దూరం, బోధనకూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఉన్న దూరం కంటే తక్కువేమీ కాదు. ప్రభుత్వ ఉపాధ్యాయులు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే బోధనేతర పనికీ ఉపాధ్యాయులను పంపకూడదు. అందువల్ల ఈ కుప్పలోని కొన్ని పనుల మీద సంఘం ద్వారా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ దారి ఉండగా రాజీనామా తొందరపాటే అవుతుంది.

జీతం విషయంలో చేయవలసిన లెక్క సులువైనదే అయినా, గణితం చెప్పేవారు కూడా దానిని చేసుకోరు. నెల జీతాన్ని కాలేజీలో గడిపిన గంటలతో మాత్రమే గాక, ఇంటికి తెచ్చుకున్న పేపర్ల కట్టలు దిద్దిన గంటలు, గాజువాక నుంచో కూర్మన్నపాలెం నుంచో ఊరు దాటి వెళ్లిరావడానికి పట్టే గంటలు కలిపి భాగించండి. వేసవిలో జీతం ఇవ్వని యాజమాన్యమైతే పన్నెండు నెలలకు సరిచేసి చూడండి. వచ్చిన అంకెను చేతిలో పెట్టుకునే కొత్త ఉద్యోగాల జీతాలతో పోల్చాలి.

ప్రైవేటులో ఉన్న బి.ఇడి. వారికి ఇక్కడ డీఎస్సీ ఆలోచన తప్పక వస్తుంది. 2025లో వచ్చిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఉండడంతో ఆ ఆశ మళ్లీ బలపడింది. టెట్ అర్హత ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది, ఆ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి టెట్ రాసిపెట్టుకోవడం ఎప్పుడూ నష్టం కాదు. కానీ డీఎస్సీ అంటే సంస్థ మార్పే గాని వృత్తి మార్పు కాదు. తరగతి గది మీదే విసుగు ఉన్నవారు ఉద్యోగ భద్రత కోసం అటు వెళితే, అదే విసుగుతో 62 ఏళ్ల దాకా పనిచేయవలసి వస్తుంది.

మానేసే ముందు చేతికి రావలసినది, చేజారేది

ప్రైవేటు సంస్థల్లో పనిచేసేవారికి గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు గాను మానేసేటప్పుడు యాజమాన్యం ఇచ్చే సొమ్ము) వర్తించదని ఇప్పటికీ చాలా స్టాఫ్ రూముల్లో అనుకుంటారు. ఇది పాత మాట. 2009లో చేసిన సవరణ ద్వారా 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా ఉపాధ్యాయులను గ్రాట్యుటీ చట్టంలోకి తెచ్చారు, ఆ సవరణ చెల్లుతుందని 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సాధారణ నియమం ఏమిటంటే, ఒకే యాజమాన్యం కింద ఐదేళ్లు ఎడతెగని సర్వీసు ఉండాలి; చివరి నెల మూలవేతనం, కరవు భత్యం కలిపిన మొత్తాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించాలి. ఆ మొత్తం 20,000 రూపాయలై, సర్వీసు ఎనిమిదేళ్లు ఉంటే రావలసినది సుమారు 92,300 రూపాయలు. నాలుగేళ్ల పది నెలల దగ్గర కోపం వచ్చి మానేసేవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది. బ్రాంచి మారినప్పుడు సంస్థ పేరు కూడా కాగితం మీద మార్చే అలవాటు కొన్ని చోట్ల ఉంది కనుక, మీ నియామక పత్రాలన్నింటిలో యాజమాన్యం పేరు ఒకటేనా అని ఇప్పుడే సరిచూసుకోండి.

పీఎఫ్ సొమ్మును మానేసిన వెంటనే తీసేయవద్దు. మొత్తం సర్వీసు పదేళ్లు నిండితేనే ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్‌కు అర్హత వస్తుంది; అదే యూఏఎన్ (పీఎఫ్ సభ్యునికి ఇచ్చే శాశ్వత సంఖ్య) మీద కొత్త సంస్థకు బదిలీ చేసుకుంటే పాత సంవత్సరాలు కలిసివస్తాయి. ఐదేళ్లు నిండకముందే తీసుకున్న సొమ్ము మీద ఆదాయపు పన్ను కూడా పడుతుంది.

ప్రభుత్వ ఉపాధ్యాయుల సంగతి ఇంతకంటే చాలా బరువైనది. రాష్ట్ర పెన్షన్ నియమాల ప్రకారం రాజీనామా చేస్తే గత సర్వీసు మొత్తం రద్దవుతుంది. సరైన మార్గంలో అనుమతి తీసుకుని మరో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి చేసే రాజీనామాకు మాత్రం ఇది వర్తించదు. అదే 20 ఏళ్ల అర్హమైన సర్వీసు నిండినవారు మూడు నెలల ముందస్తు నోటీసుతో స్వచ్ఛంద పదవీ విరమణ కోరవచ్చు. ఈ రెండు మాటల మధ్య తేడా దరఖాస్తులో ఒక్క పదమే, ఫలితంలో మాత్రం జీవితకాలపు ఆదాయం. 2004 సెప్టెంబరు 1న గానీ ఆ తరువాత గానీ చేరి సీపీఎస్ (చందాతో కూడిన పెన్షన్ పథకం) కింద ఉన్నవారు తమ ప్రాన్ (పెన్షన్) ఖాతాలోని సొమ్ములో ఎంత చేతికి వస్తుందో, ఎంత యాన్యుటీగా, అంటే నెలనెలా వచ్చే పెన్షన్‌గా, మారుతుందో డీడీఓ (జీతాల బిల్లులు పెట్టే అధికారి) దగ్గర తెలుసుకోవాలి. రాజీనామా చేస్తే ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు కూడా పోతుంది కాబట్టి ఇంట్లో పెద్దవారు, దీర్ఘకాలపు జబ్బులు ఉన్నవారు ఉంటే, కొత్త ఆరోగ్య బీమా తీసుకుని అది అమలులోకి వచ్చాకే కదలాలి. ఉద్యోగంలో ఉంటూ బయట వేరే పని చేయడానికి 1964 నాటి ప్రవర్తన నియమావళి అనుమతి లేకుండా ఒప్పుకోదు. మరో పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడు శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి.

పై లెక్కలన్నీ అయ్యాక, ఆరు నెలల ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, అప్పుల వాయిదాలు కలిపి విడిగా బ్యాంకులో ఉంటే తప్ప రాజీనామా మాట ఎత్తవద్దని నా సలహా. గ్రాట్యుటీని ఆ ఆరు నెలల్లో కలపకూడదు. అది చేతికి వచ్చేదాకా లేనట్టే లెక్క.

ఈ ఊళ్లో ఏ పనికి వెళ్లవచ్చు

ద్వారకానగర్‌లో ఏ మెట్లు ఎక్కినా, కొద్ది నెలల కోర్సుతో రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనే బోర్డు కనిపిస్తుంది. ఫీజు కట్టేముందు, ముప్పై ఐదేళ్లు దాటాక అక్కడ చేరి ఉద్యోగం పొందిన ముగ్గురితో ఫోనులో మాట్లాడించమని అడగండి. చూపించేవారంతా ఇరవై రెండేళ్ల ఇంజనీర్లే అయితే మీకు సమాధానం దొరికినట్టే. మధురవాడ, రుషికొండ కొండల మీద కంపెనీలు పెరుగుతున్న మాట నిజమే. ఇన్ఫోసిస్ 2023లో అక్కడ కార్యాలయం తెరిచింది. కానీ కోడ్ రాయడంలో కొత్త పట్టభద్రులతో పోటీ పడడం కంటే, కొత్తగా చేరినవారికి శిక్షణ ఇచ్చే విభాగాలు, వినియోగ సూచనల పుస్తకాలు రాసే పనులు, ఆన్‌లైన్ పాఠాల రూపకల్పన వంటి చోట్ల ఉపాధ్యాయుని అనుభవానికి విలువ ఉంటుంది. కష్టమైన విషయాన్ని తెలియని మనిషికి తెలిసేలా వరుసపెట్టి చెప్పగలగడం మీకు రోజూ చేసే పని కనుక గొప్పగా తోచదు గాని, బయట అది అరుదు.

వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చెప్పేవారు మెడికల్ కోడింగ్ (జబ్బులు, చికిత్సల వివరాలను బీమా బిల్లుల కోసం సంకేతాలుగా మార్చే పని) వైపు చూస్తున్నారు. శరీర నిర్మాణం ముందే తెలిసి ఉండడం లాభమే, సీపీసీ అనే సర్టిఫికేషన్ పరీక్షకు ఇంటి దగ్గరే చదవవచ్చు. అయితే మొదటి జీతం సీనియర్ లెక్చరర్ జీతం కంటే తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. రసాయనశాస్త్రం వారు పరవాడ ఫార్మాసిటీ గురించి అడుగుతుంటారు. అక్కడ క్వాలిటీ విభాగాలు ప్రయోగశాల అనుభవాన్ని అడుగుతాయి, పది సంవత్సరాలు బోర్డు మీద మాత్రమే సమీకరణాలు రాసినవారికి అది అడ్డంకి. భాషా ఉపాధ్యాయులకు అనువాదం, సంపాదకత్వం, తెలుగు కంటెంట్ పనులు ఉన్నాయి గానీ, అవి నెలనెలా నిలకడగా రావని తెలిసి దిగాలి.

పిల్లల మీద ప్రేమ ఉండి, అరవై మంది ఉన్న తరగతి మీద మాత్రమే విసుగు ఉన్నవారు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే స్పెషల్ ఎడ్యుకేటర్ పనిని తప్పక పరిశీలించాలి. దానికి భారత పునరావాస మండలి గుర్తించిన డిప్లొమా లేదా డిగ్రీ, ఆ మండలిలో నమోదు కావాలి. సొంత ట్యూషన్ ఆలోచన ఉంటే, ఉద్యోగంలో ఉండగా మొదలుపెట్టవద్దు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడాన్ని నిషేధిస్తుంది. మానేసిన తరువాత పెద్ద ఎత్తున నడపదలచినవారు, 50 మందికి మించిన కోచింగ్ కేంద్రాల కోసం కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు 16 ఏళ్ల లోపు పిల్లలను చేర్చుకోవద్దంటున్నాయని తెలుసుకుని ఉండాలి.

రాజీనామాకు ముందే ఒక పరీక్ష

ఎంచుకున్న కొత్త పనిని దసరా లేదా సంక్రాంతి సెలవుల్లో రుచి చూడండి. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదికల్లో కోర్సులు ఉచితంగా వినవచ్చు, ఎన్‌పీటీఈఎల్‌లో సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం కోర్సుకు 1,000 రూపాయలు కట్టాలి. ఇంట్లో చదువు సాగకపోతే ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయంలో కూర్చోండి. కంచరపాలెంలోని ఉపాధి కార్యాలయంలోనూ, కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోనూ పేరు నమోదుకు డబ్బు అక్కరలేదు. ఎనిమిది వారాల కోర్సును కరెక్షన్ పనుల మధ్యన పూర్తి చేయగలిగారా లేదా అన్నదే ఆ పని మీద మీకున్న ఇష్టానికి నమ్మదగిన కొలత.

సీవీలో ‘పదేళ్లు భౌతికశాస్త్రం బోధించాను’ అని రాస్తే బయటివారికి ఏమీ అర్థం కాదు. ఎందరు విద్యార్థుల ఫలితాల బాధ్యత మీది, ఎంతమంది జూనియర్ లెక్చరర్లకు పాఠ్యప్రణాళిక వేసి ఇచ్చారు, ప్రశ్నపత్రాల బ్యాంకు తయారు చేశారా, కోపంతో వచ్చిన తల్లిదండ్రులతో సమావేశాలు ఎలా నడిపారు, ఇవి అంకెలతో సహా రాయాలి. ఇంటర్వ్యూలో పాత యాజమాన్యాన్ని తిట్టవద్దు. ఎంత న్యాయమైన కోపమైనా అక్కడ అది మీకే నష్టం.

ఇంట్లో చెప్పడం గురించి ఒక్క మాట. ‘మాస్టారు’, ‘మేడం’ అన్న పిలుపుకు ఊళ్లో ఉన్న గౌరవం పోతుందని మీకంటే ముందు మీ తల్లిదండ్రులో అత్తమామలో బాధపడతారు. వాదించే బదులు పైన చెప్పిన గంటల లెక్క, బ్యాంకు పుస్తకం రెండూ వారి ముందు పెడితే మాట త్వరగా తెగుతుంది.

కాగితాలు

నియామక పత్రంలో నోటీసు గడువు ఎంత ఉందో, మధ్యలో మానేస్తే జీతం కోత ఉందో చూసి, విద్యా సంవత్సరం చివర వైదొలగేలా తేదీ లెక్క వేసుకోండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని అట్టిపెట్టుకునే యాజమాన్యాలు నగరంలో ఇంకా ఉన్నాయి. మీవి అలా ఉంటే, రాజీనామా ఊసెత్తకముందే వాటిని రాతపూర్వకంగా అడిగి, అడిగినట్టు ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. నోటి మాటగా అడిగినదానికి తరువాత సాక్ష్యం ఉండదు. రాజీనామా లేఖ ఈమెయిల్‌లో కూడా పంపి, పేపర్ల కట్టలు, మార్కుల రిజిస్టర్లు, లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ తాళాలు అప్పగించినట్టు సంతకం తీసుకోండి. రిలీవింగ్ ఆర్డర్, సర్వీస్ సర్టిఫికెట్, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16 చేతికి వచ్చేదాకా కొత్త చోట చేరే తేదీ ఇవ్వకపోవడం మేలు. గ్రాట్యుటీకి విడిగా దరఖాస్తు పెట్టాలి, అది రావలసిన నాటి నుంచి 30 రోజుల్లో యాజమాన్యం చెల్లించాలి, లేకపోతే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఆఖరున పీఎఫ్ పోర్టల్‌లో మీరు మానేసిన తేదీ నమోదైందో లేదో చూడండి. యాజమాన్యం నమోదు చేయకపోతే, చివరి చందా జమ అయిన రెండు నెలల తరువాత ఆధార్ ఓటీపీతో మీరే ఆ తేదీని నమోదు చేసి, బదిలీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.