చలనం చదువుకుందాం – మూడో పాఠం: సీసాలో బుడగ చెప్పే సంగతి

గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నతో మొదలుపెడదాం. గొడ్డలి వదులైతే దాని కర్ర పిడి, అంటే కామ, అడుగును బండకేసి దించి కొడతాం, గొడ్డలి బిగుసుకుంటుంది. ఎందుకు? కామా గొడ్డలీ కలిసే కిందికి వస్తున్నాయి. బండ ఆపింది కామను ఒక్కదాన్నే. గొడ్డలికి అడ్డం ఏదీ లేదు కనుక అది ఇంకాస్త దిగి కామకు పట్టేసింది.

ఉన్న స్థితిని వస్తువు తనంతట తాను మార్చుకోలేకపోవడమే జడత్వం అనుకున్నాం కదా. ఆగి ఉన్నది ఆగే ఉంటుందన్న సగం ఎవరికైనా ఇట్టే ఎక్కుతుంది. కదిలేది అదే వడితో, అదే దిక్కున కదులుతూనే ఉంటుందన్న రెండో సగమే కొరుకుడు పడదు. ఈ పాఠమంతా దాని గురించే.

ఒక నున్నటి నీళ్ల సీసా తీసుకోండి. గాడులున్న సీసా వద్దు, బుడగ అందులో ఇరుక్కుంటుంది. నిండా నీళ్లు పోసి, రెండు చెంచాల నీళ్లు ఒంపేసి, మూత గట్టిగా బిగించండి. అడ్డంగా పడుకోబెడితే పైన చిన్న గాలిబుడగ నిలుస్తుంది. శ్రీకాకుళం కాంప్లెక్సులో విజయనగరం బస్సెక్కి కూర్చుని, మూత డ్రైవరు వైపు ఉండేలా సీసాను తొడ మీద సమంగా పట్టుకోండి.

బస్సు కదలగానే బుడగ ముందుకు, మూత వైపు జరుగుతుంది. ఎచ్చెర్ల దాటాక హైవే మీద ఒకే వడితో పోతున్నంతసేపూ మధ్యలోనే ఉంటుంది. బ్రేకు పడిందంటే నిలబడ్డ జనమంతా ముందుకు తూలుతారు, బుడగ మాత్రం వెనక్కి పరిగెడుతుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. బస్సు వడి తగ్గింది, సీసా వడీ తగ్గింది. లోపలి నీళ్లు పాత వడితోనే పోబోయి మూత దగ్గర ఒత్తుకున్నాయి. అంతే చోటులో నీళ్లకన్నా ఎంతో తేలికైన గాలికి వెనక్కి జరగక తప్పలేదు. మలుపులు చూడాలంటే సీసాను మూత కిటికీ వైపు ఉండేలా తిప్పి పట్టుకోండి. బస్సు ఎడమకు తిరిగితే బుడగ కూడా ఎడమకే పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మధ్యలో నిలిచిన బుడగ. కాంప్లెక్సులో ఆగి ఉన్నప్పుడూ అక్కడే ఉంది, హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల వడిలోనూ అక్కడే ఉంది. దానికి వేగం తెలియదు, వేగంలో మార్పే తెలుస్తుంది. మన ఒంటికీ అంతే. కళ్లు మూసుకుంటే సాఫీగా పోతున్న బండి ఎంత జోరు మీదుందో చెప్పలేం.

బ్రేకు పడ్డప్పుడు "ఎవరో ముందుకు తోసినట్టుంది" అంటాం. తోసినవాళ్లెవరూ లేరు. పాదాలు బస్సు నేలకు ఆనుకుని ఉన్నాయి కాబట్టి ఘర్షణ వాటిని ఆపింది, తలా భుజాలూ పాత వేగంతోనే పోతున్నాయి. అందుకే నిలబడేటప్పుడు ఒక పాదం ముందుకు, ఒక పాదం వెనక్కి పెట్టుకోవాలి. కారులో బెల్టు చేసే పని కూడా మిమ్మల్ని బండితోపాటు ఆపడమే. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. సుమారు పదకొండున్నర మీటర్ల ఎత్తునుంచి పడితే నేలను తాకేది ఆ వడితోనే. దయచేసి వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోండి.

ఇక సాపేక్ష చలనం, అంటే ఒకదానితో పోల్చి చూసే కదలిక. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో మీ బండి ఆగి ఉంది. పక్క పట్టాల మీది బండి కదిలితే మనదే బయల్దేరిందనుకుంటాం. ఒంటికి కుదుపేమీ తెలియదు, కంటికి పక్క బండి తప్ప ఆనవాలు లేదు. అందుకే కదలిక గురించి మాట్లాడే ప్రతిసారీ "దేనితో పోల్చి?" అని అడగడం అలవాటు చేసుకోవాలి.

లెక్క చేద్దాం. మీ బండి గంటకు 60 కిలోమీటర్లు, పక్క పట్టాల మీది బండి 90, దాని పొడవు 480 మీటర్లు. రెండూ ఒకే దిక్కున పోతుంటే తీసివేయాలి: మీతో పోల్చి దాని వేగం 30, అంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైచిలుకు. మీ కిటికీని పూర్తిగా దాటడానికి దాదాపు 58 సెకన్లు పడుతుంది. ఎదురుగా వస్తే కూడాలి: 150. పన్నెండు సెకన్లు తిరక్కుండానే దాటిపోతుంది.

ఈ ఆలోచన మన నేలకు పాతదే. పడవలో ముందుకు పోయేవాడికి గట్టున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనబడతాయనీ, నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనబడడమూ అలాంటిదేననీ 499 నాటి ఆర్యభటీయంలో ఉంది. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో పంచసిద్ధాంతికలో దీనికి అడ్డు ప్రశ్న వేశాడు: భూమే తిరుగుతుంటే ఎగిరిన గద్దలు తిరిగి గూటికి ఎలా చేరతాయి? చాలా మంచి ప్రశ్న. సాపేక్ష చలనం ఒక్కటే తెలిస్తే దీనికి జవాబు దొరకదు, జడత్వం రెండో సగం కూడా కావాలి.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులనే తీసుకోండి. మన జిల్లాల అక్షాంశం దగ్గర భూమి ఉపరితలం గంటకు సుమారు 1,590 కిలోమీటర్ల వడితో తూర్పుకు పోతోంది. చెట్టూ, గూడూ, గాలీ, పక్షీ అన్నిటికీ ఆ వేగం ముందే ఉంది. కొమ్మ వదిలినంత మాత్రాన పక్షి దాన్ని పోగొట్టుకోదు. అది రెక్కలాడించి సంపాదించుకునేది చెట్టుతో పోల్చిన వేగం మాత్రమే. సాఫీగా సాగే ఓడ గదిలో పైనుంచి జారే నీటిబొట్లు సరిగ్గా కింది పాత్రలోనే పడతాయని గెలీలియో 1632లో రాశాడు. న్యూటన్ 1687లో దీన్నే మొదటి గమన నియమంగా నిలబెట్టాడు.

ఇంటి పని:

గంటకు 60 కిలోమీటర్ల వడితో పోతున్న రైల్లో ఒకాయన గంటకు 4 కిలోమీటర్ల వడితో వెనక పెట్టె వైపు నడుస్తున్నాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవారికి ఆయన ఏ దిక్కున, ఎంత వడితో పోతున్నట్టు?

రెండోది కాస్త గట్టి ప్రశ్న. విజయనగరం సిరిమానోత్సవంలో పిల్లకు గ్యాస్ బెలూను కొన్నారు. అద్దాలన్నీ ఎత్తిన కారులో అది దారం చివర తేలుతోంది. డ్రైవరు బ్రేకు వేస్తే బెలూను ఎటు పోతుంది? సీసా ప్రయోగం చేశాకే జవాబు రాసుకోండి, వచ్చే పాఠంలో సరిచూద్దాం.